ముందు కామన్ మీటరు

(హైదరాబాద్‌లో చిన్న అపార్ట్‌మెంట్ సొసైటీల వాళ్లతో జరిగిన ఒక ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, అదీ ఇంత ఎండలో, ఇంతమంది వచ్చారు. చాలా సంతోషం.

నేను ఇంజనీరును కాను. ఆరేళ్లుగా మా అపార్ట్‌మెంట్ సొసైటీకి కోశాధికారిగా ఉన్నాను. నెలనెలా మెయింటెనెన్స్ వసూలు చేయడం, ఇవ్వని వాళ్ల తలుపు కొట్టడం, వాచ్‌మన్ జీతం, లిఫ్టు రిపేరు, కరెంటు బిల్లు కట్టడం నా పని. సోలార్ గురించి నేను చెప్పేదంతా ఆ లెక్కల పుస్తకంలోంచి వచ్చిందే.

మాది 20 ఫ్లాట్ల బిల్డింగు. కింద స్టిల్ట్, పైన ఐదు అంతస్తులు, అంతస్తుకు నాలుగు ఫ్లాట్లు. మల్కాజ్‌గిరి, బోడుప్పల్, కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్‌లలో ఏ సందులోకి వెళ్లినా కనిపించే రకం. ఒక లిఫ్టు, ఒక బోరు, ఒక సంపు, టెర్రస్ మీద నాలుగు ట్యాంకులు. ఉండేది చిన్న ఉద్యోగులు, ప్రైవేటు స్కూలు టీచర్లు, రిటైరైన వాళ్లు. దాదాపు సగం మంది అద్దెకున్న వాళ్లు. మన దగ్గర ఇలాంటి బిల్డింగుల్లో చాలావాటి సంఘాలు 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద, అదే మనం మ్యాక్స్ అంటామే, దాని కింద రిజిస్టర్ అయి ఉన్నాయి. పరస్పర సహాయం, సహకారం అనే మాటలు మన సొసైటీ ముద్రలోనే ఉన్నాయి. ఇవాళ నాకు వాటితో చాలా పని ఉంది కాబట్టి ముందే గుర్తు చేస్తున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన లాంటి బిల్డింగులో సోలార్ పెట్టాలనుకుంటే ముందు కామన్ మీటరుకు, అంటే లిఫ్టు, మోటార్లు, మెట్ల లైట్లు నడిచే ఉమ్మడి మీటరుకు పెట్టండి. ఎవరి ఫ్లాటుకు వాళ్లు పెట్టుకునే సంగతి తర్వాత చూద్దాం.

మా జనరల్ బాడీలో మొదటిసారి ఈ మాట ఎత్తినప్పుడు రెండో అంతస్తులో ఉండే ఒకావిడ లేచి, "మాకు జీరో బిల్లే వస్తోంది కదండీ, మాకెందుకు సోలార్?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. అలాంటి ఇంటివాళ్లు అప్పు చేసి ప్యానెళ్లు పెట్టుకుంటే బిల్లులో మిగిలేది ఏమీ ఉండదు. ఆవిడ మాట పూర్తిగా నిజం. కానీ ఆవిడ ప్రతి నెలా నా చేతికిచ్చే మెయింటెనెన్స్‌లోనూ కరెంటు బిల్లు ఉంది. కుళాయిలో నీళ్లు రావాలన్నా, మోకాళ్ల నొప్పులతో ఆవిడ పైకి ఎక్కాలన్నా, రాత్రి మెట్ల మీద లైటు వెలగాలన్నా ఆ కరెంటే. అది కుటుంబం పేరున ఉన్న మీటరు కాదు కాబట్టి దానికి గృహజ్యోతి వర్తించదు. ఆ రోజు పుస్తకం తెరిచి, "మీ వాటాకు నెలకు 360 రూపాయలు పడుతోందండీ" అని చూపించాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇదేదో ముందే చెప్పొచ్చు కదా" అన్నారు. తప్పు నాదే. మెయింటెనెన్స్ మొత్తం ఒక్క అంకెగా రాసి రసీదు ఇస్తూ వచ్చాను. అప్పటి నుంచి కరెంటు వాటా విడిగా రాస్తున్నాను. మీరూ వచ్చే నెల నుంచి అలా రాయండి. సోలార్ పెట్టినా పెట్టకపోయినా రాయండి.

ఇక ఆ మీటరు ఏం తింటోందో చూద్దాం. అయిదు హార్స్‌పవర్ బోరు మోటారు అంటే 3.7 కిలోవాట్లు. రోజుకు మూడు గంటలు నడిస్తే 11 యూనిట్లు. సంపు నుంచి ట్యాంకులకు ఎక్కించే రెండు హార్స్‌పవర్ మోటారు నాలుగు గంటలకు ఆరు యూనిట్లు. లిఫ్టుకు ఏడో ఎనిమిదో. మెట్లు, కారిడార్లు, పార్కింగ్ కలిపి పది వాట్ల ఎల్ఈడీ బల్బులు 40 ఉంటే, రాత్రంతా వెలిగినా అయిదు లోపే. సీసీ కెమెరాలు, వాచ్‌మన్ గది కలిపితే మొత్తం రోజుకు 30 యూనిట్ల దగ్గర తేలుతుంది. నెలకు 900. లైట్ల మీద మనం ఎంత గొడవ పడతామో తెలుసు కదా, ఎవరో ఆర్పలేదని. అసలు ఖర్చు నీళ్లది. సగానికి పైగా బిల్లు నీళ్లను కింది నుంచి పైకి తెచ్చేందుకే పోతోంది. ట్యాంకులు నిండి పొర్లే బిల్డింగులు ముందు ఒక ఆటోమేటిక్ ఫ్లోట్ స్విచ్ పెట్టించుకోండి. పొర్లే నీళ్లకు సోలార్ కరెంటు పెట్టడం అన్యాయం.

మన ఊళ్లో ఒక కిలోవాట్ సోలార్, ఏడాది సగటున, రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తుంది. అంటే 30 యూనిట్లకు ఎనిమిది కిలోవాట్లు చాలు. కిలోవాట్‌కు 55 వేలు అనుకుందాం. మొత్తం నాలుగు లక్షల నలభై వేలు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో సొంత ఇళ్లకు మూడు కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ అని టీవీలో అందరూ విన్నారు. హౌసింగ్ సొసైటీలకు, వెల్ఫేర్ అసోసియేషన్లకు కూడా అందులో చోటు ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. ఉమ్మడి అవసరాలకు, అంటే లిఫ్టు, మోటారు, లైట్లు, బండ్ల చార్జింగ్‌కు పెట్టుకుంటే కిలోవాట్‌కు 18 వేలు, 500 కిలోవాట్ల వరకు ఇస్తారు. ఎనిమిది కిలోవాట్లకు లక్షా నలభై నాలుగు వేలు. మన చేతి నుంచి పడేది రెండు లక్షల తొంభై ఆరు వేలు. ఫ్లాటుకు 14,800.

యూనిట్ ఎనిమిది రూపాయలు వేసుకుంటే 900 యూనిట్లకు నెలకు 7,200 మిగులు, ఏడాదికి 86 వేల చిల్లర. మూడున్నరేళ్లలో పెట్టిన డబ్బు తిరిగి వస్తుంది. నేను వేసుకున్న ధరలను మీ బిల్లు, మీకొచ్చిన కొటేషన్ చూసి మార్చుకోండి. ఫిక్స్‌డ్ చార్జీలు అలాగే ఉంటాయి, బిల్లు సున్నా అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ప్యానెల్ పనితీరుకు సాధారణంగా 25 ఏళ్ల వారంటీ ఇస్తారు. ప్యానెళ్ల కరెంటును మనం వాడుకునే కరెంటుగా మార్చే ఇన్వర్టర్ అంత కాలం రాదు, మధ్యలో ఒకసారి మార్చాల్సి వస్తుందని ఇప్పుడే పక్కన డబ్బు రాసిపెట్టుకోండి. అవసరానికి మించి పెద్దది కూడా పెట్టకండి. మిగిలిన యూనిట్లకు డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, ఇచ్చే ధర మనం కొనే ధర కంటే తక్కువ.

ఇక్కడిదాకా లెక్క. ఇది ఒక్క పూటలో అందరికీ అర్థమైంది. మిగతాదానికి మాకు ఏడాదిన్నర పట్టింది.

మొదటిది టెర్రస్. అది ఎవరిది? 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం ఉమ్మడి భాగాల్లో ప్రతి ఫ్లాటుకూ విడదీయలేని వాటా ఉంటుంది. రిజిస్ట్రేషన్ కాగితాల్లో అన్‌డివైడెడ్ షేర్ అని చూసే ఉంటారు. కానీ ఆచరణలో మన టెర్రస్‌ల మీద ఏముంది? ఒక మూల బిల్డరు పెంట్‌హౌస్, ఇంకో మూల ఎవరో పెంచుకున్న కుండీలు, మధ్యలో పై అంతస్తు వాళ్ల తాళం. అడిగేవాళ్లు లేక అలా అయిపోతుంది. మా దగ్గర అయిదో అంతస్తు పెద్దాయన గట్టిగా అడ్డుపడ్డారు. "స్లాబుకు కన్నాలు వేస్తే నా బెడ్‌రూములోకి నీళ్లు కారతాయి. అప్పుడు మీరెవరూ రారమ్మా, నేనొక్కడినే బకెట్ పెట్టుకోవాలి" అన్నారు. ఆయనది భయమే అయినా అనుభవంతో వచ్చిన భయం. పాత లీకేజీకి సొసైటీ రెండు వర్షాకాలాలు పట్టించుకోలేదు. ఆయనకు నచ్చజెప్పాలని కూర్చోలేదు మేము. ముందు ఆయన లీకేజీ బాగుచేయించాం. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాకే సోలార్ అని తీర్మానం రాశాం. స్లాబు మధ్యలో కన్నాలు వేయకుండా కాంక్రీటు దిమ్మెల మీద, స్తంభాలు, బీములు ఉన్న చోట ఫ్రేము నిలబెట్టమని కొటేషన్‌లోనే షరతు పెట్టాం.

బరువు గురించి కూడా అడిగారు. 540 వాట్ల ప్యానెల్ ఒకటి 28 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. మాకు కావలసింది 15. అన్నీ కలిపినా 420 కిలోలు, పైగా ఇనుప ఫ్రేము, దిమ్మెలు. వెయ్యి లీటర్ల ట్యాంకు ఒక్కటి నిండితే టన్ను బరువు, అదీ ఒక్కచోటే. అలాంటివి నాలుగు మోస్తున్న స్లాబు ఇది. అయినా పాత బిల్డింగు అయితే స్ట్రక్చరల్ ఇంజనీరు చేత ఒకసారి చూపించండి. బరువు కంటే నాకు గాలి అంటే ఎక్కువ భయం. మన దేశపు బిల్డింగు కోడ్ ప్రకారం హైదరాబాద్‌లో సెకనుకు 44 మీటర్లు, విజయవాడ, విశాఖలలో 50 మీటర్ల వేగాన్ని తీసుకుని డిజైన్ చేయాలి. 44 అంటే గంటకు 158 కిలోమీటర్లు. ఏప్రిల్, మేలలో సాయంత్రం ఒక్కసారిగా లేచే గాలిదుమ్ము మనకు తెలుసు. 2014 హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖ వాళ్లకు ఈ మాట ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫ్రేము దగ్గర డబ్బు తగ్గించే వెండరు కొటేషన్ పక్కన పడేయండి.

మా ఆడవాళ్ల నుంచి వచ్చిన అభ్యంతరం ఇంకోటి. బట్టలెక్కడ ఆరేయాలి, వడియాలు ఎక్కడ పెట్టాలి, సంక్రాంతికి పిల్లలు పతంగులు ఎక్కడ ఎగరేయాలి? కమిటీలో మగవాళ్లు దీన్ని చిన్న విషయంగా తీసేయబోయారు. నేను ఒప్పుకోలేదు. బాల్కనీ కూడా లేని డబుల్ బెడ్‌రూం ఇంటికి టెర్రసే పెరడు. చివరికి ఫ్రేమును మనిషి తల తగలనంత ఎత్తుకు లేపించాం. ఇనుము ఖర్చు పెరిగింది. కింద నీడ వచ్చింది, తీగెలు కట్టుకున్నారు. ఎనిమిది కిలోవాట్లకు దారి వదిలి 800 చదరపు అడుగుల దాకా పోతుంది, మా టెర్రస్‌లో అది అయిదో వంతు. మిగతా చోట వడియాలకు ఎండ ఎప్పటిలాగే ఉంది. ప్యానెళ్ల నీడ కింద ఉన్న గదులు వేడి తగ్గాయని ఆ పెద్దాయనే చెప్పారు.

నీడ విషయం ఒక్క నిమిషం. ప్యానెళ్లు దండలో పూలలా ఒకదానికొకటి గుచ్చి ఉంటాయి. ఒకదాని మీద ట్యాంకు నీడ పడితే ఆ ఒక్కటే తగ్గి ఊరుకోదు, వరస మొత్తం మీద దాని ప్రభావం ఉంటుంది. డిసెంబరు చివర్లో మధ్యాహ్నం పూట కూడా సూర్యుడు మనకు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. పది అడుగుల లిఫ్టు గది నీడ ఉత్తరానికి దాదాపు తొమ్మిది అడుగులు పడుతుంది. ఉదయం, సాయంత్రం ఇంకా పొడుగు. అందుకని లిఫ్టు గదికి, ట్యాంకులకు దక్షిణాన పెట్టించండి. పక్క ప్లాటు ఖాళీగా ఉంటే రేపు అక్కడ ఎన్ని అంతస్తులు లేస్తాయో కూడా ఆలోచించండి. ఇంకో మాట, మే నెల ఎండలకు కరెంటు విపరీతంగా వస్తుందనుకుంటాం. ప్యానెల్ రేటింగ్ ఇచ్చేది 25 డిగ్రీల దగ్గర. ఆపైన ప్రతి డిగ్రీకి మూడో వంతు శాతానికి పైగా తగ్గుతూ పోతుంది. మేలో టెర్రస్ మీద ప్యానెల్ 60 డిగ్రీలు దాటుతుంది. కింద గాలి ఆడాలి. ఎత్తు ఫ్రేము అందుకూ పనికొచ్చింది.

రెండోది కాగితాలు. దరఖాస్తు పెట్టబోతే తెలిసింది, మా కామన్ మీటరు ఇంకా బిల్డరు పేరు మీదే ఉంది! బిల్డింగు కట్టి పన్నెండేళ్లయింది. ఆయన ఫోన్ ఎత్తడు, ఎత్తితే రేపు అంటాడు. పేరు మార్పుకే మాకు నాలుగు నెలలు పోయాయి. ఇంటికి వెళ్లగానే మీ కామన్ బిల్లు మీద ఎవరి పేరుందో చూసుకోండి. శాంక్షన్డ్ లోడ్, అంటే ఆ మీటరుకు మంజూరైన కిలోవాట్లు, ఎంతుందో కూడా చూడండి, సోలార్ దానికి మించితే లోడు కూడా పెరగాల్సి ఉంటుంది. సబ్సిడీ పనంతా అయ్యాక ఖాతాలో పడుతుంది కాబట్టి సొసైటీ పేరున బ్యాంకు ఖాతా ఉండాలి. సెక్రటరీ సొంత ఖాతాతో నడిపే అసోసియేషన్లు ఇంకా ఉన్నాయి, దయచేసి ముందు అది సరిచేసుకోండి. సబ్సిడీకి మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్లే పెట్టాలి, వాటినే డీసీఆర్ అంటారు. వెండరు ఈ పథకం నేషనల్ పోర్టల్‌లో రిజిస్టరై ఉండాలి. కేంద్రం 2024 ఫిబ్రవరిలో మార్చిన నిబంధనల ప్రకారం పది కిలోవాట్ల వరకు సాంకేతిక పరిశీలన కోసం ఆగాల్సిన పని లేదు. మన లాంటి చిన్న బిల్డింగులకు ఇది మంచి మేలు.

మూడోది డబ్బు. సబ్సిడీ తర్వాత వస్తుంది కాబట్టి మొదట ఫ్లాటుకు 22 వేలు కావాలి. రిటైరైన వాళ్లకు, ఒక్క జీతం ఇంటికి అది చిన్న మొత్తం కాదు. పైగా మెయింటెనెన్స్ కట్టేది అద్దెకున్న వాళ్లు, పెట్టుబడి పెట్టాల్సింది ఓనర్లు. బెంగళూరులోనో దుబాయ్‌లోనో ఉన్న ఓనరుకు ఇక్కడ మోటారు బిల్లు తగ్గితే ఏమొస్తుంది? మేము చేసింది చెబుతాను. కార్పస్ ఫండ్ నుంచి, అంటే సొసైటీ నిల్వ డబ్బు నుంచి, సగం తీశాం. మిగతాది ఓనర్ల దగ్గర, ఇవ్వగలిగిన వాళ్లు ఒకేసారి, లేని వాళ్లు పది వాయిదాల్లో. బిల్లు తగ్గిన వెంటనే మెయింటెనెన్స్ తగ్గించలేదు. మిగులును రెండేళ్ల పాటు కార్పస్‌లోకి తిరిగి వేస్తున్నాం, ఆ తర్వాత అద్దెకున్న వాళ్లతో సహా అందరికీ తగ్గిస్తామని మినిట్స్‌లో రాసి సంతకాలు పెట్టాం. అద్దెకున్న వాళ్లను కూడా ఆ మీటింగుకు పిలిచాం. వాళ్లకు ఓటు లేదు, కానీ కూర్చోబెట్టి చెప్పాల్సిన బాధ్యత మనది. చేతిలో ఏమీ లేని సొసైటీకి రెస్కో పద్ధతి ఉంది, కంపెనీయే ప్యానెళ్లు పెట్టి మన దగ్గర యూనిట్‌కు ఇంత అని తీసుకుంటుంది. ఒప్పందంలో ఏటా ధర ఎంత పెరుగుతుందో, మధ్యలో టెర్రస్ రిపేరు వస్తే ప్యానెళ్లు ఎవరు తీసి పెట్టాలో చదవకుండా సంతకం చేయకండి.

ఈ పని పేదవాళ్ల బిల్డింగులకు కాదు, గేటెడ్ కమ్యూనిటీలకు అనేవాళ్లు ఉన్నారు. వాళ్లకు నేను న్యూయార్క్ సంగతి చెబుతాను. 1970లలో అక్కడ మన్‌హట్టన్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో యజమానులు పాత బిల్డింగులను పట్టించుకోకుండా వదిలేసి పోయారు. ఈస్ట్ 11వ వీధిలో 519 నంబరు బిల్డింగు కాలిపోయి పాడుబడింది. ఆ పేటలోని పేదవాళ్లు దాన్ని తమ రెక్కల కష్టంతో బాగుచేసుకుని సహకార సంఘంగా సొంతం చేసుకున్నారు. డాబా మీద నీళ్లు కాచే సోలార్ పలకలు పెట్టారు. 1976లో రెండు కిలోవాట్ల గాలిమర కూడా నిలబెట్టి, మిగిలిన కరెంటును లైనులోకి పంపారు. కరెంటు కంపెనీ కాన్ ఎడిసన్ ఒప్పుకోలేదు. మాజీ అటార్నీ జనరల్ రామ్సే క్లార్క్ ఆ పేదల తరఫున నిలబడ్డారు, చివరికి వాళ్లే గెలిచారు. 1978లో చిన్న ఉత్పత్తిదారుల కరెంటును కంపెనీలు కొనాలని అమెరికాలో చట్టమే వచ్చింది. మనం లైనులోకి పంపిన కరెంటును వాడిన దాంట్లోంచి తీసేసి లెక్కించే మీటరును ఇవాళ నెట్ మీటరు అని తేలిగ్గా అంటాం, దాని కోసం మొదట్లో కొట్లాడిన వాళ్లలో మనలాంటి బిల్డింగుల వాళ్లున్నారు. ఆ నగరంలో అలాంటి చవక సహకార బిల్డింగులను హెచ్‌డీఎఫ్‌సీ కో-ఆప్‌లు అంటారు, మన బ్యాంకుకు దానికి సంబంధం లేదు. యుహాబ్, సోలార్ వన్ అనే రెండు స్వచ్ఛంద సంస్థలు కలిసి వాటికి సోలార్ పెట్టించే పని చేశాయి. ఒక్కో బిల్డింగు విడిగా బేరమాడకుండా కొన్నిటిని కలిపి ఒకేసారి ధర మాట్లాడటం వాళ్ల పద్ధతి. మన సందులో పక్కపక్కనే ఆరు బిల్డింగులుంటాయి. ఆరింటి కోశాధికారులు ఒక్క సాయంత్రం కూర్చోలేమా?

కరెంటు పోతే సోలార్ నడుస్తుందా అని అందరూ అడుగుతారు. బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ సిస్టమ్, అంటే కరెంటు లైనుకు కలిపి పెట్టేది, నడవదు. లైనులో కరెంటు లేదని తెలియగానే ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోతుంది. మన ప్యానెళ్ల కరెంటు లైనులోకి వెళితే స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. ఆ ఆగడం ఆయన కోసం. ఈ మాట ముందే చెప్పకపోతే మొదటి పవర్‌కట్ రోజే గొడవ అవుతుంది. లిఫ్టుకు ఉన్న జనరేటరు తీసేయకండి.

కడగడం సంగతి చెప్పి ముగిస్తాను. మన దుమ్ముకు పదిహేను రోజులకోసారి కడగాలి, ఉదయం ఎండ ఎక్కక ముందు. బోరు నీళ్లతో కడిగి వదిలేస్తే ఉప్పు మరకలు తెల్లగా పేరుకుంటాయి. మున్సిపల్ నీళ్లు వాడండి, లేదంటే వెంటనే మెత్తటి గుడ్డతో తుడవండి. ఆ పని మా వాచ్‌మన్ చేస్తున్నాడు. జీతంలో కాకుండా విడిగా డబ్బు ఇస్తున్నాం, పైకి ఎక్కేందుకు నిచ్చెన కాకుండా రైలింగ్ ఉన్న మెట్లు పెట్టించాం. మీరూ అలాగే చేయండి.

విడివిడి ఫ్లాట్లకు టెర్రస్ కరెంటు పంచే పద్ధతి కూడా ఉంది, వర్చువల్ నెట్ మీటరింగ్ అంటారు. ఢిల్లీలో 2019లోనే దానికి మార్గదర్శకాలు వచ్చాయి. ఇరవై మందితో ఒక్క మీటరు లెక్క సరిగ్గా నడిపిన సొసైటీ రేపు ఇరవై మీటర్ల లెక్క కూడా నడపగలదు. అందుకే మొదట కామన్ మీటరు అంటున్నాను.

మా మూడు కొటేషన్లు, తీర్మానం కాపీ, రెండేళ్ల బిల్లులు ఆ బల్ల మీద పెట్టాను. ఫొటోలు తీసుకోండి. మీ కామన్ బిల్లు వెంట తెచ్చుకున్న వాళ్లు ముందు ఇటు రండి, కాలిక్యులేటర్ నా దగ్గర ఉంది.